పింఛనుకు దారులు మూడు.. పదేళ్ల లెక్క తప్పితే నష్టమే
ములుగు జిల్లావాసుల సాధారణ సందేహాలకు సమాధానాలు

ములుగు: వయసు మళ్లిన తర్వాత నెలనెలా చేతికందే పైకాన్ని అందరూ పింఛను అనే పిలుస్తారు. మాట ఒకటే అయినా దాని వెనుక నిధులు వేరు, నిబంధనలు వేరు, కార్యాలయాలు వేరు. ఈ తేడా తెలియక భవిష్యనిధి పింఛను కోసం మండల పరిషత్తు చుట్టూ, ఆసరా కోసం బ్యాంకు చుట్టూ తిరిగేవారు ఉంటారు. అర్హత లేక నష్టపోవడం ఒక ఎత్తు. అర్హత ఉండీ కాగితం సరిగా లేక, లేదా తొందరపడి సొమ్ము తీసుకుని నష్టపోవడం మరో ఎత్తు. రెండోదాన్ని నివారించడం మన చేతిలోని పనే.

ములుగు జిల్లా 2019 ఫిబ్రవరి 17న ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతం మొదట వరంగల్, తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఉండేది. ఇక్కడ వ్యవసాయ కూలీలు, తునికాకు సేకరించే గిరిజన కుటుంబాలు, ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులు, పొరుగు సేవల సిబ్బంది, భూపాలపల్లి గనులకు వెళ్లే కార్మికులు, మంగపేట మండలం కమలాపురం గుజ్జు కర్మాగారంలో పనిచేసిన వారు ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో పింఛను వర్తిస్తుంది. తరచూ ఎదురయ్యే ప్రశ్నలు, వాటి జవాబులు ఇవీ.

ప్రశ్న: అసలు పింఛన్లు ఎన్ని రకాలు?

స్థూలంగా మూడు. మొదటిది ప్రభుత్వం పేదలకిచ్చే సామాజిక పింఛను. దీనికి మనం చందా కట్టనవసరం లేదు. పేదరికం, వయసు, వైకల్యం, వైధవ్యం వంటివే ప్రాతిపదిక. రెండోది ఉద్యోగాన్ని బట్టి వచ్చేది. ప్రభుత్వోద్యోగులకు ఖజానా నుంచి లేదా జాతీయ పింఛను పథకం నుంచి, ప్రైవేటు కార్మికులకు ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ నుంచి, సింగరేణి కార్మికులకు బొగ్గు గనుల భవిష్యనిధి సంస్థ నుంచి అందుతుంది. మూడోది ఎవరికి వారు పొదుపు చేసి తెచ్చుకునేది. అటల్ పింఛను యోజన ఇందుకు ఉదాహరణ. తనకు వర్తించేది వీటిలో ఏదో తేల్చుకుంటే ఏ కార్యాలయానికి వెళ్లాలో తెలిసినట్లే.

ప్రశ్న: ఆసరా పింఛను ఎవరికి, ఎంత?

తెలంగాణలో ఆసరా పథకం 2014 నవంబరులో మొదలైంది. అప్పుడు వృద్ధులు, వితంతువులు, చేనేత, కల్లుగీత కార్మికులకు నెలకు రూ.1,000, దివ్యాంగులకు రూ.1,500 నిర్ణయించారు. అనంతరం బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు, బోదకాలు బాధితులు కూడా చేరారు. 2019లో ఈ మొత్తాలు రూ.2,016, రూ.3,016 అయ్యాయి. దివ్యాంగుల పింఛనును 2023లో రూ.4,016కు పెంచారు. వృద్ధాప్య పింఛనుకు అర్హత వయసును 65 నుంచి 57 ఏళ్లకు తగ్గిస్తూ 2021లో ఉత్తర్వులు వచ్చాయి.

2023 శాసనసభ ఎన్నికల వేళ చేయూత పేరిట రూ.4,000, దివ్యాంగులకు రూ.6,000 ఇస్తామన్న హామీ వెలువడింది. చేతికందే మొత్తం మారేది ఉత్తర్వు అమలైన నాటి నుంచే తప్ప హామీ ఇచ్చిన నాటి నుంచి కాదు. పెంచిన పింఛను ఇప్పిస్తామంటూ డబ్బు అడిగే దళారులను నమ్మరాదు.

ప్రశ్న: దరఖాస్తు తిరస్కరణకు సాధారణంగా కారణాలేమిటి?

మొదటిది వయసు. పల్లెల్లో చాలామందికి జనన ధ్రువపత్రం లేదు. ఆధార్ నమోదు సమయంలో ఉజ్జాయింపుగా చెప్పిన సంవత్సరమే ఖాయమైపోయింది. ఆధార్‌లో ఒక వయసు, ఓటరు కార్డులో మరో వయసు ఉంటే దరఖాస్తు ముందుకు సాగదు. రెండోది ఆదాయం, భూమి. మూడెకరాల తరి లేదా ఏడున్నర ఎకరాల మెట్టకు మించి భూమి ఉన్న కుటుంబం పథకం నిబంధనల ప్రకారం అర్హత కోల్పోతుంది. మూడోది కుటుంబంలో ఇప్పటికే ఒకరికి పింఛను ఉండటం. దివ్యాంగులకు ఈ నియమం అడ్డు కాదు. అయితే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు వైద్యమండలి ధ్రువీకరించాలి.

తిరస్కరించిన కారణాన్ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. కారణం తెలియకుండా అదే దరఖాస్తును మళ్లీ మళ్లీ ఇచ్చినా ఫలితం ఉండదు. పంచాయతీ కార్యదర్శి, ఎంపీడీవో స్థాయిలో పరిష్కారం కాకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.

ప్రశ్న: వేలిముద్ర పడటం లేదని పింఛను ఇవ్వకపోతే ఏం చేయాలి?

కూలి పనులు చేసి, ఆకు కోసి అరిగిపోయిన వేళ్ల గీతలను యంత్రం గుర్తించకపోవడం ఏజెన్సీ గ్రామాల్లో పాత సమస్యే. పోస్టాఫీసుల ద్వారా జరిగే పంపిణీలో దీన్ని అధిగమించేందుకు రాష్ట్రంలో 2025లో ముఖ గుర్తింపు విధానాన్ని ప్రవేశపెట్టారు. ముద్ర పడనివారు ముఖ గుర్తింపు ద్వారా ఇవ్వాలని కోరవచ్చు. అదీ కుదరకపోతే పంచాయతీ కార్యదర్శి దృష్టికి తీసుకెళ్లాలి. నెలల తరబడి తీసుకోకుండా వదిలేస్తే లబ్ధిదారు ఊళ్లో లేరనో, మరణించారనో భావించి పింఛను నిలిపివేసే ప్రమాదం ఉంది. పిల్లల వద్దకు, ఆసుపత్రులకు వెళ్లి ఎక్కువ కాలం ఉండేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: రెండు పింఛన్లు కలిపి తీసుకోవచ్చా?

ప్రభుత్వ సర్వీసు పింఛను లేదా కుటుంబ పింఛను పొందుతున్నవారు ఆసరాకు అర్హులు కారు. పొరుగున ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కుటుంబ పింఛనుతో పాటు ఆసరా కూడా పొందిన ఒక వృద్ధురాలికి, అందుకున్న సొమ్ము తిరిగి చెల్లించాలని 2024లో నోటీసు రావడం రాష్ట్రమంతటా చర్చనీయాంశమైంది. ఏళ్ల తరబడి తీసుకుని ఖర్చు చేసుకున్న సొమ్మును ఒక్కసారిగా కట్టమంటే ఏ ముసలి ప్రాణమూ తట్టుకోలేదు. కాబట్టి మరో పింఛను వస్తున్న సంగతిని దరఖాస్తులోనే తెలపాలి. తర్వాత మంజూరైతే వెంటనే ఎంపీడీవో కార్యాలయానికి రాసి ఇవ్వాలి.

సొంత పొదుపుతో వచ్చే అటల్ పింఛనుకు, భవిష్యనిధి పింఛనుకు మధ్య ఇటువంటి అడ్డు లేదు. రెండూ పొందవచ్చు.

ప్రశ్న: భవిష్యనిధి పింఛను ఎలా వస్తుంది?

ప్రైవేటు సంస్థల కార్మికుల కోసం ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న అమల్లోకి వచ్చింది. కార్మికుడి జీతం నుంచి కోసే చందా మొత్తం భవిష్యనిధి ఖాతాకే వెళ్తుంది. యజమాని కట్టే వాటాలో నుంచి జీతంపై 8.33 శాతం పింఛను నిధికి మళ్లుతుంది. కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం కలుపుతుంది. ఈ లెక్కకు జీతం పరిమితిని 2014 సెప్టెంబరు 1 నుంచి రూ.6,500 స్థానంలో రూ.15,000గా నిర్ణయించారు. ఆ తేదీ తర్వాత రూ.15,000కు మించిన మూల వేతనంతో తొలిసారి ఉద్యోగంలో చేరినవారు ఈ పింఛను పథకంలోకి రారు.

పింఛను రావాలంటే రెండు షరతులు. పదేళ్ల సేవ ఉండాలి, 58 ఏళ్లు నిండాలి. చివరి 60 నెలల సగటు జీతాన్ని సేవా సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తే నెల పింఛను తేలుతుంది. ఉదాహరణకు 2014 సెప్టెంబరు తర్వాత చేరిన కార్మికుడి సగటు జీతం రూ.14,000, సేవ 15 ఏళ్లు అనుకుంటే 14,000ను 15తో హెచ్చించి 70తో భాగించాలి. నెలకు రూ.3,000 వస్తుంది. 20 ఏళ్లు పనిచేసి 58 ఏళ్లకు విరమించిన వారికి మరో రెండేళ్ల సేవ అదనంగా కలుపుతారు. 2014కు ముందు కాలానికి పాత జీతం పరిమితి ప్రకారం, 1995కు ముందు కాలానికి విడిగా లెక్క కడతారు.

50 ఏళ్లు దాటితే ముందుగానే తీసుకోవచ్చు గానీ తగ్గిన ప్రతి ఏడాదికి 4 శాతం కోత పడుతుంది. పై ఉదాహరణలోని కార్మికుడు 57 ఏళ్లకే కోరితే రూ.2,880 మాత్రమే వస్తుంది. ఈ కోత జీవితాంతం ఉంటుంది. 60 ఏళ్ల వరకు ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. కనీస పింఛనును 2014 సెప్టెంబరులో రూ.1,000గా నిర్ణయించారు.

ప్రశ్న: ఉద్యోగం మానేశాను. పింఛను సొమ్ము తీసేసుకోవచ్చా?

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. పదేళ్లు నిండకముందే ఉద్యోగం మానేసినవారు 10సి దరఖాస్తు ద్వారా పింఛను నిధిలోని సొమ్మును నిబంధనల మేరకు తీసుకునే వీలుంది. అలా తీసుకుంటే అప్పటివరకు చేసిన సేవ పింఛను లెక్కలో నుంచి చెరిగిపోతుంది.

ఒకరు ఒక కర్మాగారంలో ఆరేళ్లు పనిచేసి మానేశారు. మరికొంత కాలానికి హైదరాబాద్‌లో కాంట్రాక్టు సంస్థలో ఏడేళ్లు పనిచేశారు. మొదటి సొమ్ము తీసుకుని ఉంటే ఆయన సేవ ఏడేళ్లే. పింఛను రాదు. తీసుకోకుండా అదే 10సి దరఖాస్తులో పథకం ధ్రువపత్రం కోరి ఉంటే సేవ పదమూడేళ్లు. సగటు జీతం రూ.14,000 చొప్పున, సేవ అంతా 2014 సెప్టెంబరు తర్వాతదే అయితే నెలకు రూ.2,600 జీవితాంతం వస్తుంది. ఆయన తదనంతరం భార్యకు అందులో సగం వస్తుంది. ఒక్కసారి చేతికొచ్చే కొద్దిపాటి సొమ్ముకు, దీనికి పోలికే లేదు.

భవిష్యనిధి ఖాతా సొమ్ము వేరు, పింఛను నిధి వేరు. అవసరం పడి మొదటిది తీసుకున్నా రెండోదాన్ని కదపకుండా ఉంచుకోవచ్చు. రెండు దరఖాస్తులపై కలిపి సంతకం పెట్టించుకునే మధ్యవర్తుల వద్ద జాగ్రత్త వహించాలి. పదేళ్లు నిండిన వారికి పింఛను నిధి నగదుగా రాదు. ధ్రువపత్రమే ఇస్తారు. లెక్కలో ఆరు నెలలు, అంతకు మించిన కాలాన్ని ఏడాదిగా పరిగణిస్తారు కనుక తొమ్మిదిన్నరేళ్ల సేవ ఉన్నవారు సొమ్ముకు దరఖాస్తు చేసే ముందు తప్పక విచారించుకోవాలి.

ప్రశ్న: కమలాపురం కర్మాగారంలో పనిచేసిన వారు ఏం చూసుకోవాలి?

మంగపేట మండలం కమలాపురంలోని గుజ్జు కర్మాగారంలో ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. ఇటువంటి సందర్భాల్లో కార్మికులు మూడు విషయాలు సరిచూసుకోవాలి. ఉత్పత్తి ఆగిన తేదీ, చందా ఆగిన తేదీ, రికార్డులో ఉద్యోగం ముగిసినట్లు నమోదైన తేదీ ఒకటే కాకపోవచ్చు. పింఛను సేవ లెక్కకు చందా వివరాలే ఆధారం. అందుచేత పాస్‌బుక్‌లో నెలవారీ జమలు చూసుకోవాలి.

రెండోది పేరు, పుట్టిన తేదీ. పాత రికార్డుల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండటం సర్వసాధారణం. ఈ తేడాతోనే ఎన్నో దరఖాస్తులు వెనక్కి వస్తాయి. 58 ఏళ్లు వచ్చాక కాక ఇప్పుడే సరిచేయించుకోవడం మేలు. మూడోది సార్వత్రిక ఖాతా సంఖ్య. 2014 నుంచి ప్రతి సభ్యుడికి ఒకే సంఖ్య ఉంటుంది. అంతకుముందు వేర్వేరు సంస్థల్లో ఉన్న పాత ఖాతాలను దానికి కలపమని కోరాలి. పాత జీతం చీటీలు, గుర్తింపు కార్డు, నియామక పత్రం ఏది ఉన్నా పారేయరాదు.

ప్రశ్న: కార్మికుడు మరణిస్తే కుటుంబానికి ఏమి వస్తుంది?

ఉద్యోగంలో ఉండగా మరణిస్తే పదేళ్ల నియమం వర్తించదు. ఒక్క నెల చందా జమ అయి ఉన్నా భార్యకు లేదా భర్తకు పింఛను వస్తుంది. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు నిండేవరకు ఒక్కొక్కరికి జీవిత భాగస్వామి పింఛనులో 25 శాతం చొప్పున ఇస్తారు. తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లలకు ఇది 75 శాతం. దీనికి 10డి దరఖాస్తు ఇవ్వాలి. ఇదికాక డిపాజిట్‌తో ముడిపడిన బీమా కింద గరిష్ఠంగా రూ.7 లక్షల వరకు వచ్చే వీలుంది. కాంట్రాక్టు కార్మికుల కుటుంబాల్లో చాలామందికి ఈ బీమా సంగతే తెలియదు. పెళ్లికాక ముందు నమోదు చేసిన నామినీని పెళ్లయ్యాక మార్చడం మరువరాదు.

ప్రశ్న: ప్రభుత్వోద్యోగులందరికీ ఒకే పింఛనా?

కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన రాష్ట్ర ఉద్యోగులకు పాత పింఛను విధానం వర్తిస్తుంది. చివరి వేతనంపై ఆధారపడి ఖజానా నుంచి వస్తుంది, కరవు భత్యంతో పెరుగుతుంది. ఆ తేదీ, అటు తర్వాత చేరినవారు చందా పింఛను విధానంలో ఉన్నారు. వేతనంలో పది శాతం కోసి, ప్రభుత్వ వాటా కలిపి మదుపు చేస్తారు. విరమణ నాటికి పోగైన నిధిలో కనీసం 40 శాతంతో నెలవారీ పింఛను కొనుగోలు చేయాలి. ఎంత వస్తుందన్నది నిధిని బట్టే తప్ప చివరి వేతనాన్ని బట్టి కాదు. ఈ విధానాన్ని రద్దు చేయాలని ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాలు ఏళ్లుగా కోరుతున్నాయి. కేంద్ర ఉద్యోగులకు 2004 జనవరి 1 నుంచి కొత్త విధానం వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి వారు ఏకీకృత పింఛను పథకాన్ని ఎంచుకునే వీలు కల్పించారు.

ప్రశ్న: కూలీలు, రైతులు, చిరువ్యాపారులు సొంతంగా పింఛను కూడబెట్టుకోవాలంటే?

అటల్ పింఛను యోజన 2015లో మొదలైంది. 18 నుంచి 40 ఏళ్ల మధ్యవారు బ్యాంకులో లేదా పోస్టాఫీసులో చేరవచ్చు. 60 ఏళ్ల తర్వాత నెలకు రూ.1,000 నుంచి రూ.5,000 వరకు ఎంచుకున్న మేరకు వస్తుంది. రూ.5,000 కావాలంటే 18 ఏళ్లకు చేరినవారు నెలకు రూ.210, 30 ఏళ్లకు చేరినవారు రూ.577, 40 ఏళ్లకు చేరినవారు రూ.1,454 కట్టాలి. ఆలస్యానికి ఎంత మూల్యమో ఈ అంకెలే చెబుతున్నాయి. 2022 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను చెల్లించేవారిని చేర్చుకోవడం లేదు.

అసంఘటిత కార్మికులకు ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్, రెండు హెక్టార్లలోపు సాగుభూమి ఉన్న రైతులకు కిసాన్ మాన్‌ధన్ పథకాలు 2019లో వచ్చాయి. వయసును బట్టి నెలకు రూ.55 నుంచి రూ.200 కడితే కేంద్రం అంతే మొత్తం కలుపుతుంది. 60 ఏళ్ల తర్వాత నెలకు రూ.3,000 ఇచ్చేలా వీటిని రూపొందించారు. భవిష్యనిధి సభ్యులు వీటికి అర్హులు కారు.

చేరేముందు ఒక మాట ఆలోచించాలి. పాతికేళ్ల తర్వాత వచ్చే వెయ్యి రూపాయలకు నేటి వెయ్యి విలువ ఉండదు. స్తోమత ఉన్నవారు కనిష్ఠ మొత్తంతో సరిపెట్టుకోరాదు.

ప్రశ్న: గతంలో అభయహస్తం కింద కట్టాము. అది ఏమైంది?

ఉమ్మడి రాష్ట్రంలో 2009లో స్వయం సహాయక సంఘాల మహిళలకు అభయహస్తం పేరుతో చందా పింఛను పథకం ఉండేది. సభ్యురాలు రోజుకు రూపాయి, ప్రభుత్వం మరో రూపాయి చొప్పున జమచేసే ఏర్పాటు అది. తెలంగాణలో ఆ పథకం తర్వాత నిలిచిపోయింది. మహిళలు కట్టిన సొమ్మును వడ్డీతో వాపసు చేస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది. అందనివారు సంఘం పాస్‌బుక్‌తో మండల మహిళా సమాఖ్యలో విచారించవచ్చు. 2023 డిసెంబరులో ప్రజాపాలన సభల్లో ఇచ్చిన అభయహస్తం దరఖాస్తుకు, దీనికి సంబంధం లేదు.

ప్రశ్న: ఏటా జీవన ప్రమాణ పత్రం తప్పనిసరా?

సర్వీసు, భవిష్యనిధి పింఛనుదారులకు తప్పనిసరి. భవిష్యనిధి పింఛనుదారులు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు. ఇచ్చిన తేదీ నుంచి ఏడాది చెల్లుతుంది. బ్యాంకుల్లో, మీసేవ తరహా కేంద్రాల్లో, తపాలా సిబ్బంది ద్వారా ఇవ్వవచ్చు. చరవాణిలో ముఖ గుర్తింపుతోనూ పూర్తవుతుంది. పత్రం ఇవ్వక ఆగిపోయిన పింఛను, పత్రం ఇచ్చాక బకాయితో సహా వస్తుంది. కంగారుపడి దళారులకు డబ్బు ఇవ్వనవసరం లేదు.

ఎక్కడికి వెళ్లాలి?

ఆసరాకు గ్రామ పంచాయతీ, ఎంపీడీవో కార్యాలయం. భవిష్యనిధికి వరంగల్ ప్రాంతీయ కార్యాలయం. అంత దూరం వెళ్లలేనివారి కోసం ఆ సంస్థ ప్రతి నెలా 27న జిల్లాల్లో ‘నిధి ఆప్కే నికట్’ పేరిట శిబిరాలు నిర్వహిస్తుంది. సింగరేణి కార్మికులు తాము పనిచేసిన గని కార్యాలయంలో, రాష్ట్ర సర్వీసు పింఛనుదారులు ఉప ఖజానా కార్యాలయంలో, అటల్ పింఛను చందాదారులు ఖాతా ఉన్న బ్యాంకులో సంప్రదించాలి.

వెంట తీసుకెళ్లవలసినవి: ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, వయసు ధ్రువీకరణ, పాత ఉద్యోగ పత్రాలు, నామినీ వివరాలు. ఏ దరఖాస్తు ఇచ్చినా నకలు, రసీదు దగ్గర ఉంచుకోవాలి. వాజేడు, వెంకటాపురం, కన్నాయిగూడెం వంటి మారుమూల మండలాల నుంచి ఒక్క కాగితం కోసం మళ్లీ రావాలంటే ఒక రోజు కూలి పోయినట్లే. అన్నింటికన్నా ముందు, పదేళ్ల సేవ నిండకుండా పింఛను నిధి సొమ్ముకు సంతకం చేసే ముందు ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకోవాలి.